దూరాన ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్నలు

(ఒడిశాలోని బరంపురంలో ఉగాది సాయంత్రం తెలుగువాళ్ళు జరుపుకున్న సభలో, పోస్టుమాన్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

సభకు నమస్కారం. అమ్మలకు, అయ్యలకు, ఇక్కడ ముందు జంబుఖానా మీద కూర్చున్న పిల్లలకు ఉగాది శుభాకాంక్షలు. పచ్చడి అందరికీ అందిందనుకుంటున్నాను. అందనివాళ్ళు మొహమాటపడకుండా వెనక బల్ల దగ్గర అడగండి, ఇంకా ఉంది.

ఇంట్లోవాళ్ళతో గడిపే మామూలు రోజుల గురించి మాట్లాడమన్నారు నన్ను. ఆ విషయం నాకు పుస్తకాలకన్నా నా సంచీలో మోసిన ఉత్తరాలే ఎక్కువ నేర్పాయి. కాబట్టి ఉత్తరాల సంగతే చెప్తాను.

మన గంజాం జిల్లా నుంచి మనుషులు పొట్ట చేతపట్టుకుని బయటికి పోవడం ఇవాళ్టి మాట కాదు. గోపాల్‌పూర్ రేవు నుంచి స్టీమర్లు రంగూను వెళ్ళే కాలంలో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఒకే ఓడ ఎక్కి వెళ్ళారు. 1941 డిసెంబరులో రంగూను మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాక, ఓడ దొరకనివాళ్ళు అడవులూ కొండలూ పట్టుకుని నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళకి లెక్క లేదు. ఆ తర్వాత మన కుర్రాళ్ళకి కలకత్తా జూటు మిల్లులు దిక్కయ్యాయి. తర్వాత సూరత్. చేమగ్గాల ఊళ్ళో పుట్టినవాళ్ళు మరమగ్గాల ఊరికి పోయి, పన్నెండు గంటల షిఫ్టులు చేసి, నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు పంపేవారు. ఆ డబ్బు గుమ్మం దాకా తెచ్చి ఇచ్చే పని మాది.

మనియార్డరు ఫారం ఎలా ఉండేదో ఇక్కడున్న పిల్లలకి తెలియదు. 1880లో మొదలైన మనియార్డరు పాత పద్ధతిలో 2015 దాకా నడిచింది. ఆ ఫారానికి చివర చిన్న ముక్క ఒకటి ఉండేది, కూపన్ అనేవాళ్ళం. పంపినవాడు నాలుగు మాటలు రాసుకోవడానికి ఆ చోటు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, సంతకమో వేలిముద్రో వేయించుకుని, ఆ ముక్క చింపి ఇంట్లోవాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళం. చదువు రాని ఇళ్ళలో చదివి వినిపించడం కూడా మా పనే. రూల్సులో రాసి ఉండకపోవచ్చు గానీ, ఒక ముసలమ్మ కాగితం పట్టుకుని మన మొహంలోకి చూస్తుంటే చదవకుండా సైకిలెక్కి పోయేవాడు ఎవడు?

ఆ ముక్క మీద ఏం రాసేవారు? సగం డబ్బు లెక్క. షావుకారికి ఇంత, బియ్యానికి ఇంత, చెల్లి ఫీజుకి ఇంత. మిగతా సగం ఇలా ఉండేది. పెరట్లో మునగ పూసిందా. తాత ఇంకా అరుగు మీదే పడుకుంటున్నాడా, లోపల పడుకోమని చెప్పండి. వాన పడితే వంటింట్లో ఆ మూల కారడం తగ్గిందా. చిన్నదానికి జుట్టు పెరిగిందా, రెండు జడలు వేస్తున్నారా. ఎర్రావు ఈనిందా. ఇవన్నీ ఒక్క ఇంటివి కావు, ఏ వీధిలో ఏ ఇంటి గుమ్మంలో నిలబడి చదివినా ఇవే. నోట్లు లెక్కపెట్టేటప్పుడు కదలని మొహాలు, ఈ ప్రశ్నలు చదువుతుంటే కదిలేవి.

ఇంట్లో ఉన్నవాళ్ళు జవాబు చెప్పాలి కదా. అక్కడ వచ్చేది చిక్కు.

బడాబజారు వైపు ఒక నేత ఇల్లు. ఇంటిపేరు చెప్పను, వాళ్ళవాళ్ళు ఈ సభలోనే ఉండొచ్చు. ముందు గదిలో గుంట మగ్గం. మావగారు గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుండేవాడు. అత్తగారు గోడ వార రాట్నం ముందు కూర్చుని కండెలకి దారం చుట్టేది. పెద్దకొడుకు సూరత్‌లో. కోడలు, ఏడాది నిండని పిల్లాడు ఇంట్లో. నేను డబ్బు ఇచ్చి, ఇన్‌లాండు కవరు తీసి, చెప్పమ్మా ఏం రాయమంటావు అనేవాణ్ణి. అత్తగారు ఎప్పుడూ ఒకటే చెప్పేది. "అంతా కులాసా అని రాయి బాబూ. డబ్బు అందిందని రాయి. వేళకి తినమని రాయి." అయిపోయింది. కవరులో ముప్పాతిక వంతు ఖాళీ.

ఒకరోజు అలాగే కవరు మడవబోతుంటే తలుపు చాటు నుంచి కోడలు మెల్లగా అంది, "అత్తయ్యా, గుంటడు నడుస్తున్నాడని రాయమనండి." అత్తగారు నాలిక కరుచుకుంది. "అయ్యో, అసలు సంగతే మర్చిపోయాం. రాయి బాబూ, రాయి." రాశాను.

కొన్ని వారాలకి జవాబు వచ్చింది. డబ్బు గురించి ఒక్క ముక్క ఉంది. తక్కినదంతా పిల్లాడే. "ఎక్కడ నడిచాడు, వాకిట్లోనా, మగ్గం గదిలోనా? ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి నడిచాడు? పడ్డాడా? ముందు ఏ కాలు వేశాడు?"

నేను చదివి ఆగాను. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అత్తగారు "కుడికాలే" అంది. కోడలు "కాదత్తయ్యా, ఎడమకాలు" అంది. అప్పుడు మగ్గం చప్పుడు ఆగింది. మావగారు మా వైపు తిరిగి అన్నాడు. "మీరిద్దరూ చూడలేదు. మొదట నడిచింది ఇక్కడ. రాట్నం పట్టుకుని లేచి నా వైపు వచ్చాడు. నేను దారం తోలే నాడె మీద చూపు పెట్టి ఉన్నాను. ఏదో తగిలిందని చూస్తే నా భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏ కాలో నేనూ చూడలేదు. అదే రాసెయ్యి, చూడలేదని రాసెయ్యి."

గుంట మగ్గం చూసినవాళ్ళకి తెలుస్తుంది. నేసేవాడు నేల మట్టానికి కూర్చుంటాడు, ఏడాది పిల్లాడి చెయ్యి సరిగ్గా భుజానికి అందుతుంది. ఆ ఒక్క మాటలో సూరత్‌లో ఉన్న తండ్రికి ఆ గది మొత్తం కనిపించి ఉంటుంది.

అసలు చెప్పదలచుకున్నది ఆ తర్వాతి సంగతి. ఆ రోజు నుంచి ఆ ఇంటి ఉత్తరాలు మారిపోయాయి. నేను వెళ్ళేసరికి ముగ్గురి దగ్గరా ఏదో ఒకటి సిద్ధంగా ఉండేది. గడప దాటేటప్పుడు ఎడమకాలే వేస్తున్నాడు, ఇది నేను చూశాను, రాయండి అని కోడలు తలుపు చాటు వదిలి వచ్చి చెప్పేది. కండెలు బుట్టలోంచి తీసి ఒక్కొక్కటీ వాళ్ళ తాతకి అందిస్తున్నాడని అత్తగారు చెప్పేది. మావగారైతే నేత ఆపి మరీ చెప్పేవాడు. కవరులో చోటు చాలక అంచుల్లో రాసేవాణ్ణి. డబ్బు పెరగలేదు, ఇల్లు మారలేదు, వాన పడితే ఆ మూల కారుతూనే ఉంది. అయినా ఆ ఇంట్లో మనుషులు ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు. దూరాన ఉన్నవాడు ఏం అడుగుతాడో అన్న ధ్యాసతో దగ్గరున్నవాళ్ళు కళ్ళు తెరిచారు.

నాకు అర్థమైంది ఇంతే. ఇంట్లోవాళ్ళ మీద కృతజ్ఞత అనేది ఎవరో చెప్తే రాదు. కళ్ళు మూసుకుని అందరూ నావాళ్ళే, అందరూ బాగుండాలి అనుకుంటే అది మంచి కోరికే, కానీ అందులో మనిషి లేడు. ఏ కాలు ముందు వేశాడు, ఏ వేలికి గాయమైంది, ఏ కూర రెండోసారి వడ్డించుకున్నాడు, ఇవి చూసినవాడికే అవతలి మనిషి విలువ తెలుస్తుంది.

వేలు అన్నాను కాబట్టి ఇంకొక ఇంటి సంగతి చెప్తాను. మనియార్డరుకి రసీదు ముక్క కూడా ఉంటుంది. డబ్బు తీసుకున్నవాళ్ళ సంతకంతో అది మళ్ళీ పంపినవాడికి చేరుతుంది. ఆ తల్లికి సంతకం రాదు, బొటనవేలు వేసేది. ఆవిడా కండెలు చుట్టేదే. కొడుకు ఒకసారి ఊరికి వచ్చినప్పుడు నన్ను దారిలో ఆపి, ఒక ప్లాస్టిక్ కవరులోంచి ఆ రసీదు ముక్కలన్నీ తీసి చూపించాడు. ఒక్కటీ పారెయ్యలేదు. "బాబాయ్, ఈ రెండూ చూడు" అన్నాడు. ఒకదాని మీద వేలి గీతలు చక్కగా పడ్డాయి. రెండోదాని మీద మధ్యలో అడ్డంగా తెల్లటి గీత. "ఇక్కడ అమ్మకి వేలు తెగింది. పట్టుదారం లాగీ లాగీ కోసుకుపోయింది. నీ చేత మాత్రం కులాసా అని రాయించింది." సూరత్‌లో ఆ ముక్కని దీపం కింద పెట్టి చూశాడట. ఇంట్లో ఉన్నప్పుడు అమ్మ చెయ్యి ఇంతలా ఎప్పుడూ చూడలేదు బాబాయ్ అని అతనే అన్నాడు.

పట్టు గురించి ఒక్క మాట. బరంపురం పట్టుకి, మన కుంభం అంచు చీరకి, మగవాళ్ళ పట్టుపంచె, కండువా జోడుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అని సర్కారు ఇచ్చే గుర్తింపు, ఉంది. గర్వపడాల్సిన సంగతే, కాదనను. కానీ చీర అమ్ముడైనప్పుడు కూలి వచ్చేది మగ్గం మీద కూర్చున్నవాడి పేరున. దారం చుట్టినది, తెగిన పోగు అతికినది, పడుగు సాచేటప్పుడు రెండో కొస పట్టుకున్నది, మధ్యలో లేచి అన్నం వార్చి వచ్చినది, వాళ్ళ పేర్లు ఏ లెక్కలోనూ ఉండవు. నేను ఎన్నో నేత ఇళ్ళ గుమ్మాల్లో నిలబడ్డాను. ఇంట్లో ఆడవాళ్ళ చెయ్యి పడకుండా గజం గుడ్డ కూడా దిగడం చూడలేదు.

అందుకే ఇది గట్టిగా చెప్తున్నాను, ఎవరికైనా నొప్పి కలిగినా సరే. కృతజ్ఞతగా ఉండండి అని పొద్దుట్నుంచి చాకిరీ చేసి నడుం వాల్చిన మనిషికి చెప్పకూడదు. ఉన్నదానితో సంతోషపడమ్మా, ఇంట్లో అందరూ ఉన్నారు కదా అని కోడలికి బోధ చేసే హక్కు మనకు లేదు. కృతజ్ఞత అనేది తిన్నవాడు నేర్చుకోవాల్సింది. అమ్మ చేతి చోడంబలి అమృతం అని పదిమందిలో పొగిడి, తిన్న గిన్నె అక్కడే వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయేవాడి మాట నేను నమ్మను. చూడటం నేర్చుకుంటే చెయ్యి ఊరుకోదు. ఆవిడ మోకాలు పట్టుకుని లేస్తోందని కనబడితే, రేపు ఆ బిందె మనమే ఎత్తుతాం. నా ఎరికలో కృతజ్ఞత ఉన్న ఇళ్ళలో పని నలుగురి చేతుల్లో ఉండేది.

మన ఊరి యాత్రనే తీసుకోండి. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వస్తుంది. పుట్టిల్లు ఎక్కడ? మన తెలుగు మాట్లాడే నేతవాళ్ళ పెద్ద, దేశీబెహెరా ఇంట. ఆ వీధిలో గుడి కట్టి, అమ్మవారిని తెచ్చి కూర్చోబెట్టి, రోజూ సాయంత్రం ఘటాలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వీధులు తిరుగుతారు. పులివేషాలు, డప్పులు, ఊరంతా ఒడియా తెలుగు తేడా లేకుండా రోడ్డు మీదే. నాకు చిన్నప్పట్నుంచీ ఇందులో ఆశ్చర్యం ఒకటే. ఊరిని కాచే తల్లి, ఆవిడకి ఏం తక్కువ? అయినా కొన్నాళ్ళు కూతురుగా ఉండటానికి వస్తుంది. ఆ కొన్నాళ్ళు ఆవిడకి మనం చేసేది ఏమిటంటే, ఇంటికొచ్చిన ఆడపిల్లకి చేసేదే. వండి పెట్టడం, కొత్త చీర పెట్టడం, పక్కన కూర్చోవడం. చివరి రోజు సాగనంపేటప్పుడు ఆ వీధిలో ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, నిజంగా కూతురు అత్తవారింటికి వెళ్ళినట్టే.

యాత్ర రోజుల్లో మా సంచీ తేలికగా ఉండేది. సూరత్‌వాళ్ళు, కలకత్తావాళ్ళు, ఆడపిల్లలు, అందరూ ఊళ్ళోనే. ఎవరికి రాయాలి? ఆ రోజుల్లో బీటు మీద, అంటే నేను ఉత్తరాలు పంచే వీధుల్లో, వెళ్తే ఏ గుమ్మంలో చూసినా నాలుగు జతల చెప్పులు ఎక్కువ కనిపించేవి. ఒక ఇంటి ముందు పరీక్షగా చూస్తే, వచ్చిన కుర్రాడు ఏం చేస్తుంటాడు? ఊరు చూడటానికి పోడు. వంటింటి గడప మీద కూర్చుని, వాళ్ళమ్మ కూర తరుగుతుంటే చూస్తూ ఉంటాడు. పదకొండు నెలలు కూపన్ మీద అడిగిన ప్రశ్నలకి జవాబులు కళ్ళతో తీసుకుంటుంటాడు. రెండు వారాలు పోయాక వాడికీ అలవాటైపోతుంది, ఫోనో పేపరో పట్టుకుంటాడు. అందులో అతని తప్పేమీ లేదు. అలవాటు మనిషిని అలాగే చేస్తుంది.

2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మీలో చాలామంది ఆ రాత్రి మేలుకునే ఉన్నారు. తర్వాత కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. బయట ఊళ్ళలో ఉన్న మనవాళ్ళకి మనసు కుదుట లేదు, ఇక్కడ మనకి వాళ్ళ గొంతు లేదు. ఆ చీకట్లో అరుగుల మీద కూర్చుని ఎవరు ఏం మాట్లాడుకున్నారో గుర్తు తెచ్చుకోండి. పోయిన రేకుల గురించి మాట్లాడాం, నిజమే. కానీ సందు సందునా పేరు పెట్టి పిలిచి, అందరూ ఉన్నారా అని లెక్క చూసుకున్నాం కదా.

2020లో కరోనా వేళ సూరత్ నుంచి రైళ్ళు దిగినప్పుడు కూడా అంతే. మనవాళ్ళని పల్లెల్లో బడుల్లో పెట్టారు. సొంత ఊరు, కళ్ళ ముందు సొంత ఇల్లు, వెళ్ళడానికి లేదు. ఒక బడి ప్రహరీ అవతల ఒక తండ్రి రోజూ సాయంత్రం వచ్చి నిలబడేవాడు. కొడుకు వరండా మీదకి వచ్చేవాడు. గట్టిగా అరిస్తే తప్ప వినపడని దూరం. వాళ్ళు అరుచుకున్న మాటలు నేను విన్నాను. "ఏం తిన్నావు?" "అన్నం, పప్పు!" "మరి నువ్వు?" "నేనూ అదే!" అంతే. రోజూ ఇదే మాట, రోజూ వచ్చి అడిగేవాడు. ఆ నెలల్లో గంజాం జిల్లా ఎంత పోగొట్టుకుందో మనకి తెలుసు. ఆ కొడుకు ఇంటికి చేరాడు. చేరనివాళ్ళ ఇళ్ళు కూడా నాకు తెలుసు, వాటి గురించి ఇవాళ మాట్లాడను, పండగపూట.

ఉత్తరాల కాలం పోయిందని బాధపడటానికి నేను ఇక్కడికి రాలేదు. వీడియో కాల్ వచ్చింది, మంచిదే వచ్చింది. మా పక్కింటి అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్ల వాళ్ళ మామ్మతో మాట్లాడేటప్పుడు ఎక్కువ ఏం అంటుందో తెలుసా? "మామ్మా, నీ మొహం కాదు, ఫోను అటు తిప్పు. స్టౌ మీద ఏముందో చూపించు. తులసికోట చూపించు. అరుగు మీద ఎవరో కూర్చున్నట్టున్నారు, ఎవరు?" నేను గోడ ఇవతల నవ్వుకుంటాను. అవి కూపన్ మీది ప్రశ్నలే. కాగితం పోయింది, ప్రశ్నలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు మీ అందరికీ ఒక పని చెప్తాను. వెనక బల్ల మీద పచ్చడి గిన్నె పక్కన పోస్టుకార్డులు పెట్టించాను.  దూరాన ఉన్న మీవాళ్ళకి ఒక్కటి రాయండి. అంతా కులాసా అని మాత్రం రాయకండి. ఇవాళ మీ ఇంట్లో మీరు కళ్ళారా చూసింది ఒక్కటి రాయండి. పచ్చడిలో వేపపువ్వు ఎవరు దులిపారు, ఎవరు చేదని మొహం పెట్టారు, తాతకి కొత్త పంచె ఎవరు కట్టారు, ఏదైనా సరే. గుర్తు రాకపోతే ఇంటికి వెళ్ళి రాత్రి భోజనాల దగ్గర చూసి అప్పుడు రాయండి.

పిల్లలూ, మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. నాకు తెలుసు, బడిలో మీకు నేర్పేది ఒడియా, ఇంగ్లీషు. సిగ్గుపడాల్సిన పని లేదు. ఒడియా అక్షరాల్లోనే తెలుగు మాట రాయండి. నా బీటులో అలాంటి కార్డులు ఎన్నో వచ్చేవి, చదివి వినిపిస్తే అచ్చంగా తెలుగే. చూపు ఆననివాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు ఇక్కడ నా పక్కన కూర్చోండి, మీరు చెప్తుంటే నేను రాస్తాను. తొందరేమీ లేదు, ఎంతసేపైనా కూర్చుంటాను.

చిరునామా మాత్రం పూర్తిగా రాయండి. పాతిక కిలోమీటర్ల దూరంలో ఆంధ్రాలో ఇచ్ఛాపురం, అక్కడికి రాసినా పిన్ కోడ్ 5తో మొదలవుతుంది, మనది 7తో. ఆ ఒక్క అంకె తప్పయితే కార్డు ఎక్కడెక్కడో తిరిగి వస్తుంది. రాయడం అయ్యాక నా చేతికి ఇచ్చినా సరే, రేపు పొద్దున్నే నేనే పోస్టాఫీసుకి తీసుకెళ్ళి పెట్టెలో వేస్తాను.